గులాబి అత్తరును కనిపెట్టింది ఎవరు?

మొగల్ యుగంలో గులాబి అత్తరును కనిపెట్టింది ఎవరని అడిగితే చాలామంది తడుముకోకుండా నూర్జహాన్ అంటారు. జవాబు పత్రాలు దిద్దే రోజుల్లో ఆ జవాబుకు నేను మార్కులు వేశాను. అంతేకాదు, తరగతిలో చాలా ఏళ్లపాటు నేనే అలా చెప్పాను. కథ కూడా వినసొంపుగా ఉంటుంది. మహారాణి తోటలోని కాలువల నిండా గులాబి నీరు పోయించిందట, చక్రవర్తితో కలిసి విహరిస్తూ ఆ నీటి మీద మెరిసే నూనెను గమనించిందట. ఈ పాఠంలో ఆ కథను కాసేపు పక్కన పెట్టి, ఆ కాలపు మూలాధారం ఏమి చెబుతున్నదో చూద్దాం.

ముందు మాట దగ్గర మొదలుపెడదాం. పారశీక భాషలో 'గుల్' అంటే పువ్వు, ముఖ్యంగా గులాబి పువ్వు. 'ఆబ్' అంటే నీరు. పంజాబ్ అనే పేరులో ఐదు నదులను సూచించే 'ఆబ్' ఇదే. కాబట్టి 'గులాబ్' అనే మాటకు అసలు అర్థం పువ్వు కాదు, పువ్వు నుంచి తీసిన నీరు. మన భాషల్లోకి వచ్చేసరికి నీటి పేరు పువ్వుకు స్థిరపడిపోయింది. తెలుగులో ఆ నీటిని పన్నీరు అంటాం. పెళ్లి పందిట్లో పన్నీరు బుడ్డితో మీ మీద చిలకరించేది అదే. గులాబ్ జామూన్‌లో పువ్వు లేకపోయినా ఆ పేరు ఎందుకు వచ్చిందో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది. దాని పాకంలో కలిపేది గులాబి నీరు.

పువ్వు రెండు రోజుల్లో వాడిపోతుంది. దాని వాసనను సీసాలో నింపి దూరదేశాలకు పంపవచ్చు. గులాబి చరిత్రలో వాణిజ్యం, రాజ్యం ప్రవేశించింది ఇక్కడే. 9వ శతాబ్దంలో బాగ్దాద్ పండితుడు అల్ కిందీ సుగంధాల తయారీ గురించి, స్వేదనం గురించి గ్రంథం రాశాడు. అబ్బాసీ ఖలీఫాల ఖజానాకు వివిధ ప్రాంతాలు చెల్లించిన పన్నుల పట్టికను ఇబ్న్ ఖల్దూన్ తన గ్రంథంలో చేర్చాడు. అందులో ఇరాన్‌లోని ఫార్స్ ప్రాంతం వంతు కింద కోట్ల దిర్హముల పక్కనే 30,000 సీసాల గులాబి నీరు కనిపిస్తుంది. శిస్తుగా వసూలు చేసేటంత విలువ దానికి ఉండేదన్నమాట. 1187లో జెరూసలేం చేజిక్కినప్పుడు సలాదీన్ అక్కడి పవిత్ర స్థలాన్ని గులాబి నీటితో కడిగించాడు.

ఈ సంస్కృతిలో పెరిగినవాడే బాబర్. ఆయన కుమార్తెలు ముగ్గురి పేర్లు గుల్రంగ్, గుల్‌చెహ్రా, గుల్‌బదన్. గులాబి రంగుది, గులాబి ముఖంది, గులాబి మేనుది అని వాటి అర్థాలు. వీరిలో గుల్‌బదన్ హుమాయూన్‌నామా రాసింది. ఆ గ్రంథం మీకు వేరే యూనిట్‌లో వస్తుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. జహంగీర్ తన పాలనా విశేషాలను స్వయంగా రాసుకున్న గ్రంథం తుజుక్-ఇ-జహంగీరీ. 1614 నాటి నౌరోజ్ వేడుకల సందర్భంలో ఆయన ఒక అత్తరు గురించి రాశాడు. దాన్ని కనిపెట్టింది నూర్జహాన్ తల్లి అని సూటిగా చెప్పాడు. ఆమె గులాబి నీరు తీస్తుండగా, కూజాల నుంచి వేడి నీటిని వంపిన పళ్లేలలో పైన తెట్టు కట్టింది. ఆమె దాన్ని కొంచెం కొంచెంగా తీసి పోగుచేసింది. ఒక్క చుక్క అరచేతిలో రాసుకుంటే సభ అంతా పరిమళిస్తుందని చక్రవర్తి మురిసిపోయాడు. ఆమెకు ముత్యాల హారం బహూకరించాడు. అక్కడే ఉన్న సలీమా సుల్తాన్ బేగం దానికి 'ఇత్ర్-ఇ-జహంగీరీ' అని పేరు పెట్టింది. ఈ 'ఇత్ర్' అనే అరబీ మాటే మన 'అత్తరు'.

ఆ తల్లి పేరు అస్మత్ బేగం. భర్త మీర్జా గియాస్ బేగ్‌తో కలిసి ఇరాన్ నుంచి వలస వచ్చింది. గులాబి నీరు తీయడం తరతరాలుగా తెలిసిన దేశం అది. ఆ అలవాటు ఆమెతోపాటే వచ్చి ఉంటుందని నేను అనుకుంటాను. ఇది నా ఊహ మాత్రమే, తుజుక్‌లో లేదు. పరీక్షలో రాసేటప్పుడు ఈ తేడా చూపించండి.

జహంగీర్ వర్ణనను నమ్మవచ్చా? ఇక్కడ రసాయనశాస్త్రం మనకు సాక్ష్యం చెబుతుంది. గులాబి తైలంలో మైనం వంటి పదార్థం ఉంటుంది. వేడిగా ఉన్నంతసేపు అది కరిగి ఉంటుంది, చల్లబడితే గడ్డకట్టి పైకి తేలుతుంది. వెడల్పాటి పళ్లెంలో పోసి వదిలేస్తే తెట్టు కట్టి తీరుతుంది. అంటే చక్రవర్తి రాసింది కవిత్వం కాదు, పని జరిగే తీరు. కాలువల కథలో ఇంత స్పష్టత లేదు.

అయినా ఒక జాగ్రత్త అవసరం. ప్రపంచంలో మొదటిసారి ఈ తైలాన్ని చూసింది అస్మత్ బేగమే అని తుజుక్ ఆధారంగా తేల్చలేం. 16వ శతాబ్దపు యూరప్ గ్రంథాల్లోనూ గులాబి తైలం ప్రస్తావన ఉంది. ఒకే పని చేసే చేతులు వేర్వేరు చోట్ల ఒకే విషయాన్ని గమనించడం చరిత్రలో కొత్త కాదు. పైగా తన పాలనలో జరిగిన ప్రతి మంచినీ తన ఖాతాలో వేసుకోవడం రాజులకు అలవాటు. అత్తరుకు ఎవరి పేరు వచ్చిందో చూడండి.

మరి కీర్తి కూతురికి ఎలా దక్కింది? నూర్జహాన్ పేరు మీద నాణేలు వచ్చాయి, ఆమె ఫర్మానాలు జారీ చేసింది. జనం కథలు చెప్పుకునేటప్పుడు పేరున్నవారి చుట్టూనే అల్లుతారు. పళ్లెం ముందు కూర్చుని తెట్టు తీసిన పెద్దావిడ కథకు సరిపోలేదు. ఇంటిపనిలో పుట్టిన నైపుణ్యాన్ని మన చరిత్ర పుస్తకాలు కూడా అంత తేలికగా లెక్కలోకి తీసుకోవు. నా పాత నోట్సు అందుకు ఉదాహరణ.

ఆ పద్ధతి మాత్రం పోలేదు. 1824లో బిషప్ హీబర్ గంగ ఒడ్డున ఉన్న గాజీపూర్ మీదుగా ప్రయాణించి, అక్కడి విశాలమైన గులాబి తోటల గురించి రాశాడు. గులాబి నీటిని వెడల్పాటి పాత్రల్లో రాత్రంతా ఆరుబయట ఉంచి, సూర్యోదయం వేళకు పైన తేలిన నూనెను తీస్తారని ఆయన వివరించాడు. అస్మత్ బేగం చేసిన పనికి ఇది ఎంత దగ్గరగా ఉందో గమనించండి. ఒక రూపాయి బరువు అత్తరుకు రెండు లక్షల పూలు కావాలని, బజారులో దొరికేదాంట్లో చందన తైలం కల్తీ చేస్తారని కూడా రాశాడు. నేటి లెక్క ప్రకారం ఒక కిలో తైలానికి సుమారు 3 నుంచి 5 టన్నుల రేకులు పడతాయి. కన్నౌజ్‌లో ఇప్పటికీ 'దేగ్' అనే రాగి డేగిసాలో పూలు, నీరు పోసి, మూతను బంకమట్టితో మూసి, వెదురు గొట్టం గుండా ఆవిరిని 'భప్కా' అనే పాత్రలోకి పంపుతారు. ఆ భప్కాలో చందన తైలం ఉంటుంది, పూల వాసనను అది పట్టి ఉంచుతుంది. హీబర్ కల్తీ అన్నది ఇక్కడ పద్ధతిలో భాగం. చార్మినార్ దగ్గర అత్తరు దుకాణాలకు వెళితే, గాజు కాడతో మీ మణికట్టు మీద రాసే చుక్కలో గులాబి ఎంత, చందనం ఎంత అని అడిగి చూడండి.

అస్మత్ బేగం 1621లో మరణించింది. కొద్ది నెలలకే, 1622లో భర్త కూడా పోయాడు. ఆగ్రాలో యమున ఒడ్డున నూర్జహాన్ వారికి కట్టించిన పాలరాతి సమాధి గోడల నిండా పూలు, సైప్రస్ చెట్లు, పొడవాటి మెడల కూజాలు పొదిగి ఉంటాయి. ఆ కట్టడాన్ని అందరూ భర్త బిరుదుతో ఇతిమాద్-ఉద్-దౌలా సమాధి అంటారు. లోపలికి వెళ్లి చూస్తే గది సరిగ్గా మధ్యలో ఉన్నది అస్మత్ బేగం సమాధి. ఆయనది ఆమె పక్కన, ఒక వైపుగా ఉంటుంది.