చింతగింజల లెక్క

పోయిన నెల అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు అటక దులిపాం. ఇత్తడి గంగాళాలు, చిరిగిన పంచాంగాల వెనకాల పొడుగాటి తోలు పెట్టె ఒకటి దొరికింది. తీస్తే లోపల ఖాళీ. ఎర్ర మఖమల్ గుడ్డలో తుపాకీ ఆకారంలో గుంట మాత్రం ఉంది. దాని మూలలో ఓ చిన్న తగరపు డబ్బా, మడతల దగ్గర చిరిగిపోయిన లైసెన్సు పుస్తకం.

మాది రైల్వే కోడూరు దగ్గర పల్లె. శేషాచలం అడవి మా పొలాల గట్టు దాకా వచ్చేది. మా నాయన వాళ్ళ నాయనను మేం అబ్బ అంటాం, ఆయన భార్యను జేజి అంటాం. అబ్బకు రెండు తుపాకులు ఉండేవి. ఒకటి అందరి ఇళ్ళలో ఉండే 12 బోరు జోడుగొట్టాలది. రెండోది .405 వించెస్టర్ రైఫిల్, 1948లో ఊరొదిలి పోతున్న ఓ తెల్లదొర దగ్గర కొన్నది. దీనికి తమ్ముడి లాంటి రైఫిలే బెంగుళూరు కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉండేది. మా పక్కనే ఉన్న మామండూరు అడవిలో పులి గురించి ఆయన రాసిన కథ చదివినప్పుడు నాకు ఆ సంగతి తెలిసి ఒళ్ళు జలదరించింది.

పెట్టె చూశాక నాకు పుస్తకాల పిచ్చి పట్టింది. వంటయ్యాక మధ్యాహ్నాలు ఇదే పని. చదివే కొద్దీ తెలిసిందేమిటంటే, పెద్ద తుపాకీల చరిత్ర వేట చరిత్ర కన్నా ఎక్కువగా భయాల చరిత్ర.

ముందు ఈ అంకెల గొడవ చెప్పేస్తాను, నాకూ మొదట తలకెక్కలేదు. .405 అంటే గొట్టం లోపలి వెడల్పు అంగుళంలో వెయ్యింట 405 వంతులు అన్నమాట, కాస్త అటూ ఇటూగా. దాని గుండు 300 గ్రెయిన్లు, అంటే 19 గ్రాముల పైచిలుకు. మన తులాల్లో ఒకటిన్నర దాటుతుంది. ఏనుగుల మీదికి వాడే .470 గుండయితే 500 గ్రెయిన్లు, తులాల్లో రెండుముప్పావు! ఓ నల్లపూసల దండంత బరువు ఒక్క దెబ్బకు గాల్లోకి పోతుంది. కాల్చినవాడి భుజం సంగతి చెప్పక్కర్లేదు. అబ్బ పేల్చి వచ్చిన రాత్రి జేజి ఉప్పు మూటతో కాపడం పెట్టేదట.

ఇక భయం సంగతి. 1878లో వైస్రాయ్ లిట్టన్ ఆయుధాల చట్టం తెచ్చాడు. అదే ఏడాది దేశభాషల పత్రికల నోరు నొక్కే చట్టమూ ఆయనే తెచ్చాడు. రెండూ కవల పిల్లలనుకోండి. పత్రికల చట్టాన్ని నాలుగేళ్ళలో రిప్పన్ తీసేశాడు, ఆయుధాల చట్టం మాత్రం ఉండిపోయింది. తమాషా ఏమిటంటే తెల్లవాళ్ళకు లైసెన్సు అక్కర్లేదు. పొలంలో పందుల్ని తరమాల్సిన రైతు మాత్రం అర్జీ పట్టుకుని తిరగాలి. కొడగు వాళ్ళకు మొదటి నుంచీ మినహాయింపు ఉంది, ఇప్పటికీ ఉంది. కైల్‌పోద్ పండగకు వాళ్ళు తుపాకులకు పూలు పెట్టి పూజ చేస్తారు. మా జేజి దసరాకు కుంకుమ బొట్టు పెట్టేది, అంతవరకే మా భాగ్యం.

అప్పట్లో ఆఫ్రికాకూ ఇండియాకూ వేటకు పోయే దొరలకు .450 రైఫిలంటే ప్రాణం. లండన్‌లో రిగ్బీ కంపెనీ 1898లో కొత్త రకం మందుతో దాన్ని తయారుచేసింది. అయితే బ్రిటిష్ సైన్యం అంతకుముందు వాడిన మార్టినీ హెన్రీ తుపాకులు కూడా .450వే. అలాంటివి ఎన్నో సరిహద్దు కొండల్లో, ఇతరుల చేతుల్లో చేరిపోయాయి. వేటగాళ్ళ కోసం వచ్చే గుళ్ళు వాళ్ళకు పోతే? అందుకని 1907లో ఇండియాలోకీ సూడాన్‌లోకీ .450 సరుకు రావడం మాన్పించారు.

తుపాకుల కంపెనీలు ఊరుకుంటాయా? పన్ను పెరిగితే సైజు మార్చే సబ్బుల కంపెనీల్లాగా అవీ కొలత మార్చేశాయి. హాలండ్ వాళ్ళు .465 పెట్టారు, జెఫ్రీ వాళ్ళు .475, వెస్ట్లీ రిచర్డ్స్ వాళ్ళు .476. జోసెఫ్ లాంగ్ వాళ్ళ .470 అందరికన్నా నిలబడింది, చివరికి రిగ్బీ వాళ్ళే దాన్ని ఎత్తుకున్నారు. ఈ రోజు ప్రపంచంలో ఏనుగుల రైఫిలంటే చాలామంది చెప్పే పేరు .470. అది పుట్టింది మన దేశం మీది అనుమానంతో అని ఎంతమందికి తెలుసు?

ఆ 1907లోనే జిమ్ కార్బెట్ చంపావత్ పులిని చంపాడు. 436 మందిని తిన్న ఆడపులి అది. కార్బెట్ దగ్గర .500 రైఫిల్ ఉంది కానీ ఆ రోజు జేబులో వేసుకున్నవి మూడే తూటాలు. అవి అయిపోయాక పరుగెత్తి తహసీల్దారు చేతిలోని పాత తుపాకీ లాక్కుని పేల్చాడు. ఎంత పెద్ద రైఫిలైనా తూటాలు లెక్కపెట్టుకోకపోతే ఇంతే అని జేజి వింటే అనేదేమో!

1922 ఆగస్టులో మన్యంలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లను వరుసగా మూడు రోజుల్లో కొట్టి తుపాకులు పట్టుకుపోయాడు. తీసుకున్నవి తీసుకున్నట్టు రాసి మరీ వెళ్ళాడు. లైసెన్సు రాజ్యంలో తుపాకీ దొరికే చోటు పోలీస్ స్టేషనే కదా! 1931 కరాచీ కాంగ్రెస్‌లో, నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకోవడం ప్రాథమిక హక్కని తీర్మానం చేశారు. తీరా మన రాజ్యాంగం వచ్చేసరికి ఆయుధాలు లేకుండా శాంతంగా గుమిగూడే హక్కు మిగిలింది. నాకిది తప్పనిపించదు. ఆ మధ్యలో దేశం ఏమేం చూసిందో మనకు తెలుసు. అయినా లిట్టన్ చట్టమే ఇంకా చాలా ఏళ్ళు నడిచింది. 1959లో కొత్తది రాసి, 1962 అక్టోబరు 1 నుంచి అమలు చేశారు.

1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. అబ్బ రైఫిల్‌కు ఆ రోజుతో ఉద్యోగం పోయినట్టే. అబ్బ పులిని చంపలేదు, అది మా అదృష్టం. పందులు, ఒకసారి గాయపడి తిరగబడిన ఎలుగు, అంతే. తర్వాత అది పెట్టెలో పడుకుంది. తూటాలు దేశంలో దొరకవు, బయట నుంచి తెప్పించే దారీ లేదు. సిలిండరు దొరకని స్టవ్వు లాంటిది. కానీ లైసెన్సుకు మాత్రం ప్రతిసారీ రెన్యువల్. ఎన్నికలొస్తే స్టేషన్లో పెట్టి రావడం, అయ్యాక తెచ్చుకోవడం. ఇప్పుడు 2019 సవరణ తర్వాత మనిషికి రెండుకు మించి ఉండకూడదు, లైసెన్సు ఐదేళ్ళకు ఒకసారి.

ఇందులో జేజి ఎక్కడ అంటారా? లైసెన్సు పుస్తకంలో ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో రాస్తారు. వాడినవి, మిగిలినవి అడిగితే లెక్క చెప్పాలి. అబ్బకు ఆ ఓపిక లేదు. బీరువా తాళం జేజి నడుముకు ఉండేది. జేజికి చదువు రాదు. రైఫిల్ కొన్నప్పుడు వచ్చిన తూటాలు 20. ఆమె 20 చింతగింజలు డబ్బాలో వేసింది. అబ్బ ఒకటి పేల్చి వస్తే ఒక గింజ తీసి పొయ్యిలో పడేసేది. ఎలుగు ఇంటి వెనక తిరిగిన రాత్రి అబ్బ ఊర్లో లేడు. తాళం ఆమె దగ్గరే ఉన్నా, లైసెన్సు ఆమె పేరున లేదు గనక తుపాకీ తీయలేదు. పిల్లల్ని గదిలో పెట్టి తెల్లారే దాకా పళ్ళెం మీద గరిటెతో కొడుతూ కూర్చుంది.

జేజి పోయాక డబ్బా అమ్మకు వచ్చింది. అబ్బ తర్వాత నాయన పేరు మీదికి మారిన లైసెన్సు, నాయన పోవడంతో ముగిసింది. వారసులెవరైనా దరఖాస్తు చేసుకోవచ్చు. తమ్ముడు వేరే దేశంలో ఉన్నాడు, వద్దన్నాడు. నేనూ వద్దన్నాను. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో అది నాకు అక్కర్లేదు, ఇప్పటికీ అదే మాట. అప్పగించడానికి అమ్మా నేనూ వెళ్ళాం. అక్కడ బల్ల దగ్గరున్నాయన అమ్మను తలెత్తి కూడా చూడకుండా, "ఇంట్లో మొగోళ్ళు ఎవురూ లేరామ్మా?" అన్నాడు.

"తుపాకులు రెండు. పెద్దదాని తూటాలు ఏడు. రాసుకో నాయనా" అంది అమ్మ.

"ఏడేనా? ఇన్నేండ్లకి ఎవరికి గుర్తుంటుంది లెక్క!" అని నవ్వి, అట్టపెట్టె బల్ల మీద బోర్లించి తానే లెక్కపెట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. తర్వాత మాట్లాడకుండా రసీదులో 7 అని వేసి, సంతకం కోసం కాగితాన్ని అమ్మ వైపు తిప్పాడు.

మొన్న అటక మీద ఆ డబ్బా మూత రావడానికి కొబ్బరినూనె పూయాల్సి వచ్చింది. లోపలివి నల్లగా నిగనిగలాడుతున్నాయి. అమ్మ వాటిని కొంగులో పోసుకుని లెక్కపెట్టి, మళ్ళీ డబ్బాలో వేసి మూత పెట్టింది.