కాస్పియన్ సముద్ర ప్రాంతం: చరిత్ర, జనజాతులు

ఐరోపా, ఆసియా ఖండాలు కలిసేచోట నలువైపులా నేల చుట్టుముట్టిన కాస్పియన్ సముద్రం, ఆ తరహా జలరాశుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది. రష్యా, కజకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, ఇరాన్, అజర్‌బైజాన్ దీని తీరదేశాలు. చమురు, సహజ వాయువు, చేపలు, వర్తక మార్గాల కోసం ఈ నీటి మీద శతాబ్దాల తరబడి పెత్తనం చేతులు మారుతూ వచ్చింది. సముద్రం ఎవరిదో తేల్చిన సంధులన్నీ రాజ్యాలు తమలో తాము రాసుకున్నవే. ఒడ్డున బతికే చిన్న జాతులకు వాటిలో గొంతు దక్కలేదు. అందుకే ఇక్కడి చరిత్రను రాజధానుల నుంచే కాక తీరం నుంచి కూడా చూడాలి.

భౌగోళిక స్వరూపం

ఉత్తర దక్షిణాలుగా దాదాపు 1,200 కిలోమీటర్ల పొడవున్న ఈ సముద్రం వైశాల్యం సుమారు 3,71,000 చదరపు కిలోమీటర్లు. దీని నీటి ఉపరితలం మహాసముద్ర మట్టానికి 28 మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. ఉత్తర భాగంలో సగటు లోతు ఐదారు మీటర్లే. దక్షిణాన అది వెయ్యి మీటర్లు దాటుతుంది. నీటిలో ఉప్పు మహాసముద్రంలో ఉండేదానిలో మూడో వంతు. వచ్చే నదీజలాల్లో దాదాపు 80 శాతం వోల్గా నుంచే వస్తుంది. బయటికి పోయే దారి లేదు కనుక నది తెచ్చే నీటికీ ఎండకు ఆవిరయ్యే నీటికీ మధ్య తేడాను బట్టి మట్టం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

మిలియన్ల ఏళ్ల కిందట ఐరోపా నుంచి మధ్య ఆసియా దాకా పరుచుకున్న పారాటెథిస్ అనే ప్రాచీన సముద్రానికి ఇది మిగులు. స్టర్జన్ చేపలు, మరెక్కడా కనిపించని కాస్పియన్ సీల్ ఇక్కడి ప్రత్యేక జీవజాలంలో ముఖ్యమైనవి.

ప్రాచీన కాలం

బాకుకు దక్షిణాన ఉన్న గోబుస్తాన్ కొండల మీద 6,000కు పైగా శిలాచిత్రాలున్నాయి. వేటగాళ్లు, పశువులు, పడవలు, నృత్యాలు వాటిలో కనిపిస్తాయి. యునెస్కో 2007లో ఈ చోటును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడే ఒక బండ మీద రోమన్ చక్రవర్తి డొమిషియన్ కాలపు లాటిన్ శాసనం ఉంది. రోమన్ సైనికుల శాసనాల్లో తూర్పున ఇంత దూరాన దొరికినది మరొకటి లేదు.

నైరుతి తీరాన ఉండిన కాస్పీ అనే జాతి నుంచి సముద్రానికి ఈ పేరు వచ్చింది. ఇది నలువైపులా మూసుకున్న సముద్రమని క్రీ.పూ. 5వ శతాబ్దిలోనే హెరొడోటస్ సరిగా రాశాడు. తరువాతి గ్రీకు పండితులు కొందరు దీన్ని ఉత్తర మహాసముద్రపు అఖాతంగా పొరబడ్డారు. తూర్పు మైదానాల్లో మస్సగెతాయ్ అనే సంచార జాతి ఉండేది. పారశీక చక్రవర్తి సైరస్ క్రీ.పూ. 530లో వారితో పోరులోనే మరణించాడని హెరొడోటస్ చెబుతాడు.

ఉత్తరపు స్టెప్పీ నుంచి వచ్చే గుర్రపు దళాలను ఆపడం దక్షిణాది రాజ్యాలకు తరతరాల చింత. కాకసస్ పర్వతాలకూ నీటికీ మధ్య ఉన్న సన్నని బాటలో సాసానీయులు దెర్బెంత్ కోటను కట్టారు. 6వ శతాబ్దిలో మొదటి ఖుస్రో దాని గోడలను రాతితో బలపరిచాడు. ఆగ్నేయ మూలన, నేటి ఇరాన్‌లో, గోర్గాన్ గోడ దాదాపు 195 కిలోమీటర్లు సాగింది.

ఖజార్ల నుంచి మంగోలుల దాకా

7వ శతాబ్ది నుంచి 10వ శతాబ్ది దాకా ఉత్తర, వాయవ్య తీరాలను తుర్కిక్ జాతికి చెందిన ఖజార్లు ఏలారు. వోల్గా ముఖం దగ్గరి ఇతిల్ నగరంలో యూదులు, ముస్లింలు, క్రైస్తవులు, అన్యమతస్థులు పక్కపక్కనే వర్తకం చేశారు. పాలకవర్గం యూదు మతం స్వీకరించింది. 960లలో కీవ్ రాజు స్వ్యతొస్లావ్ దండయాత్రతో ఆ రాజ్యం కూలింది. అయినా పర్షియన్, అజర్‌బైజానీ, తుర్కిష్ భాషల్లో ఈ సముద్రం నేటికీ ఖజార్ సముద్రమే.

దక్షిణాన అల్బోర్జ్ పర్వతాలు తబరిస్తాన్, దైలమ్ ప్రాంతాలకు అండగా నిలిచాయి. అరబ్ సైన్యాలు ఇరాన్‌ను గెలిచినా ఈ తడి అడవులను లొంగదీసుకోవడానికి చాలాకాలం పట్టింది. ఈ కొండల నుంచే 10వ శతాబ్దిలో బుయీద్ సోదరులు వెళ్లి బాగ్దాద్‌ను తమ గుప్పిట్లో పెట్టుకున్నారు.

1220లో మంగోలులు తరుముతుండగా ఖ్వారజ్మ్ షా రెండవ ముహమ్మద్ ఈ సముద్రంలోని ఒక చిన్న దీవికి పారిపోయి అక్కడే కన్నుమూశాడు. జెబే, సుబుతాయ్ అనే మంగోల్ సేనానులు కాస్పియన్ చుట్టూ తిరిగి స్టెప్పీలోకి చొరబడ్డారు. ఆ తరువాత వోల్గా దిగువ ప్రాంతం స్వర్ణ సైన్యం (గోల్డెన్ హోర్డ్) అనే మంగోల్ రాజ్యానికి కేంద్రమైంది.

భారతదేశంతో సంబంధం

త్వేర్ నగర వర్తకుడు అఫనాసీ నికితిన్ 15వ శతాబ్దిలో వోల్గా వెంట దిగి కాస్పియన్ దాటి ఇరాన్ మీదుగా బహమనీ రాజధాని బీదరు చేరాడు. దారిలో ఆస్త్రఖాన్ దగ్గర అతన్ని దోచుకున్నారు. అతను 'పర్వత్' అని రాసిన శైవక్షేత్రాన్ని శ్రీశైలంగా చరిత్రకారులు గుర్తించారు. ఒక రష్యన్ యాత్రికుడు కళ్లారా చూసి వర్ణించిన తెలుగునేల అది. అతని రచన పేరులోని మూడు సముద్రాల్లో మొదటిది కాస్పియనే.

17వ శతాబ్దిలో ఆస్త్రఖాన్‌లో భారత వర్తకులకు ప్రత్యేకంగా ఒక వాడ ఉండేది. వారిలో ముల్తాన్ వైపు వారు ఎక్కువ. బాకు దగ్గర సురాఖానీలో ఒకప్పుడు నేల నుంచి ఎగసిన వాయుజ్వాల చుట్టూ కట్టిన ఆతెష్‌గాహ్ గుడిలో దేవనాగరి, గురుముఖి లిపుల్లో శాసనాలు నేటికీ ఉన్నాయి.

రష్యా, ఇరాన్‌ల పోటీ

1556లో ఇవాన్ చక్రవర్తి ఆస్త్రఖాన్‌ను గెలవడంతో వోల్గా ముఖం రష్యా చేతికి వచ్చింది. 1722-23లో మొదటి పీటర్ దండెత్తి దెర్బెంత్, బాకులను పట్టుకున్నాడు. వాటిని రష్యా 1735 నాటికి ఇరాన్‌కు తిరిగి ఇచ్చింది. 19వ శతాబ్దిలో మాత్రం కథ మారింది. 1813 నాటి గులిస్తాన్ సంధితో ఇరాన్ దాగెస్తాన్, బాకులను వదులుకుంది. 1828 నాటి తుర్క్‌మెన్‌చాయ్ సంధి కాస్పియన్‌లో యుద్ధనౌకలు నడిపే హక్కును రష్యాకొక్కదానికే ఖాయం చేసింది.

ఈ సంతకాలు పడినంత మాత్రాన కొండజాతులు తల వంచలేదు. ఇమామ్ షమీల్ నాయకత్వంలో దాగెస్తాన్, చెచెన్ కొండవాసులు పాతికేళ్లు పోరాడారు. 1859లో గునీబ్‌లో ఆయన లొంగిపోయాడు. తూర్పు తీరాన మంగిష్లాక్‌లో అదాయ్ కజక్కులు 1870లో తిరగబడ్డారు. 1881లో గ్యోక్‌తెపే కోటను రష్యన్ సైన్యం బద్దలుకొట్టినప్పుడు వేలాది తుర్క్‌మెన్లు హతులయ్యారు.

బాకు చమురు

బాకు పరిసరాల్లో నేల మీదికి ఊరే నూనెను జనం వందల ఏళ్లుగా దీపాలకూ మందులకూ వాడుకున్నారు. 1840లలో బీబీ హైబత్‌లో యంత్రంతో బావి తవ్వారు. 1872లో ప్రభుత్వం చమురు భూములను వేలం వేయడంతో పెట్టుబడి వరదలా వచ్చిపడింది. నోబెల్ సోదరులు 1878లో 'జొరాస్టర్' అనే చమురు ఓడను కాస్పియన్‌లో నడిపి, మరుసటి ఏడు తమ కంపెనీని స్థాపించారు. 20వ శతాబ్ది మొదలయ్యే నాటికి ప్రపంచ చమురు ఉత్పత్తిలో దాదాపు సగం బాకుదే.

రష్యన్లు, ఆర్మీనియన్లు, అజర్‌బైజానీలు, ఇరాన్ నుంచి వలస వచ్చిన కూలీలు ఒకే ఊరిలో చేరారు. కూలి, కొలువు, పలుకుబడిలో జాతుల మధ్య అంతరాలు రగిలి 1905లో అజర్‌బైజానీలకూ ఆర్మీనియన్లకూ మధ్య రక్తపాతమైంది. 1918 మార్చిలో అజర్‌బైజానీలను, సెప్టెంబరులో ఆర్మీనియన్లను ఊచకోత కోశారు. అదే ఏడాది ఏర్పడిన అజర్‌బైజాన్ ప్రజాస్వామ్య గణతంత్రం స్త్రీలకు ఓటుహక్కు ఇచ్చింది. 1920లో ఎర్రసైన్యం రావడంతో ఆ రాజ్యం ముగిసింది.

సోవియట్ కాలం

సోవియట్ రష్యాతో కుదిరిన 1921 సంధి కాస్పియన్‌లో ఓడలు నడిపే హక్కును ఇరాన్‌కు తిరిగి ఇచ్చింది. 1940 ఒప్పందం ఇరుదేశాలకూ తమ తీరం నుంచి 10 నాటికల్ మైళ్ల మేర చేపల వేటను ప్రత్యేకించింది. కానీ నీటి మీద సరిహద్దు గీత గీయలేదు. అడుగున ఉన్న చమురు ఎవరిదో కూడా చెప్పలేదు. 1942లో హిట్లర్ సైన్యాలు దక్షిణానికి వచ్చింది బాకు నూనె కోసమే. 1949 నుంచి బాకుకు తూర్పున, సముద్రం నడుమ ఇనుప స్తంభాల మీద నెఫ్త్ దాష్లారీ అనే చమురు పట్టణాన్ని కట్టారు. 

కల్మిక్కులకు ఈ యుగం గాయం మిగిల్చింది. వీరు 17వ శతాబ్దిలో మంగోలియా వైపు నుంచి వచ్చి వోల్గా దిగువన స్థిరపడిన బౌద్ధులు. 1771లో వీరిలో ఎక్కువమంది తిరిగి తూర్పుకు బయలుదేరి దారిలోనే భారీగా నష్టపోయారు. మిగిలినవారి సంతతిని, తొంభై వేలకు పైగా జనాన్ని, 1943 డిసెంబరులో శత్రువుతో చేతులు కలిపారన్న నిందతో సైబీరియాకు తరలించారు. జాతి మొత్తానికీ శిక్ష వేసిన ఆ అన్యాయాన్ని 1957 దాకా సరిదిద్దలేదు.

జనజాతులు

దాగెస్తాన్‌లో అవార్, దర్గిన్, కుమిక్, లెజ్గిన్ సహా ముప్పైకి పైగా భాషలు వినిపిస్తాయి. లెజ్గిన్ల నేలను రష్యా, అజర్‌బైజాన్ సరిహద్దు రెండుగా చీల్చింది. తాలిష్ జాతివారు అజర్‌బైజాన్, ఇరాన్ రెండింటా ఉన్నారు. ఇరాన్ తీరాన గిలకీ, మాజందరానీ భాషలు మాట్లాడేవారు వరి, తేయాకు పండిస్తారు. ఉత్తర అజర్‌బైజాన్‌లోని క్రాస్నాయా స్లోబొదా కొండ యూదుల ఊరు. తూర్పున కజక్కులు, తుర్క్‌మెన్లు, ఉత్తరాన నొగాయ్‌లు, కల్మిక్కులు ఉన్నారు. ఆర్మీనియన్ల మీద 1990లో జరిగిన హింస తరువాత బాకులో ఆర్మీనియన్ సమాజం దాదాపు లేకుండాపోయింది.

హక్కుల వివాదం

1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నంతో తీరదేశాలు రెండు నుంచి ఐదయ్యాయి. ఇది సముద్రమా, సరస్సా అన్న చర్చ వెనక అసలు లెక్క చమురుది. సముద్రమైతే తీరరేఖను బట్టి వాటాలు వస్తాయి. సరస్సైతే సమానంగా పంచుకోవాలని, తనకు 20 శాతం కావాలని ఇరాన్ వాదించింది. 1994లో బాకులో విదేశీ కంపెనీలతో కుదిరిన 'శతాబ్దపు ఒప్పందం' పోటీని పెంచింది. 2001 జూలైలో ఇరాన్ యుద్ధనౌక ఒకటి అజర్‌బైజాన్ తరఫు చమురు అన్వేషణ ఓడలను వెనక్కి పంపింది. 2006 నుంచి బాకు చమురు 1,768 కిలోమీటర్ల గొట్టపుదారి గుండా తుర్కియేలోని జెయ్హాన్ రేవుకు చేరుతోంది.

2018 ఆగస్టు 12న కజకిస్తాన్‌లోని అక్తౌలో ఐదు దేశాలూ ఒడంబడిక మీద సంతకం చేశాయి. తీరం నుంచి 15 నాటికల్ మైళ్లు ఆయా దేశాలవి. ఆపై మరో 10 మైళ్లు చేపల వేటకు. మిగిలిన నీరు ఉమ్మడి. బయటిదేశాల సైన్యాలకు చోటు లేదు. అడుగు భాగాన్ని మాత్రం పొరుగు దేశాలు తమలో తాము తేల్చుకోవాలి. ఇరాన్ పార్లమెంటు ఆమోదం లేక 2024 నాటికి అది అమలులోకి రాలేదు.

తగ్గుతున్న నీరు

1977 నాటికి మట్టం బాగా పడిపోయింది. నీరు కాపాడాలని సోవియట్ ప్రభుత్వం 1980లో కరబోగజ్‌గోల్ అఖాతం ముఖాన్ని కట్టతో మూసింది. అప్పటికే మట్టం పెరగడం మొదలై 1995 దాకా సుమారు రెండున్నర మీటర్లు పెరిగింది. అఖాతం ఎండి ఉప్పు గాలికి లేవడంతో 1992లో ఆ కట్టను తెరిచారు. 1995 తరువాత నీరు మళ్లీ తగ్గుముఖం పట్టింది. వేడెక్కిన వాతావరణంలో ఆవిరి పెరగడం ఇందుకు ప్రధాన కారణం. లోతు తక్కువైన ఉత్తర తీరాన నీరు కిలోమీటర్ల మేర వెనక్కి పోతోంది. అక్తౌ రేవు ఓడలకు సరిపడే లోతు కోసం అడుగు తవ్వుకోవలసి వస్తోంది. వోల్గా ఆనకట్టలు గుడ్లు పెట్టే చోట్లకు దారి మూసేయడం, దొంగ వేట కలిసి స్టర్జన్‌ను అంతరించే దశకు తెచ్చాయి. సీల్‌ను 2008లోనే అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చారు.

తీరం ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి అక్తౌ ఒడంబడిక మైనస్ 28 మీటర్ల మట్టాన్ని ఆధారంగా తీసుకుంది. ఇప్పుడు నీరు మైనస్ 29 కన్నా దిగువకు జారింది. ఐదు దేశాలు పంచుకున్న కొలతల కిందే సముద్రం కదిలిపోతోందన్నమాట. పర్యావరణ రక్షణకు 2003లో టెహ్రాన్‌లో ఐదు దేశాలూ చేసుకున్న ఒప్పందం ఉంది. వాటాల కోసం పెట్టిన పట్టుదలలో సగమైనా దాని అమలుకు పెడితే, ఇన్ని సామ్రాజ్యాలు మారినా తీరాన్ని వదలని జాతులకు బతుకుతెరువు మిగులుతుంది.