85 లక్షల డాలర్ల స్టార్ వార్స్

ఓబీ-వాన్ కెనోబీ గడ్డం నుంచి మొదలుపెడతాను. 2008లో వచ్చిన ‘స్టార్ వార్స్: ది క్లోన్ వార్స్’ యానిమేషన్ సినిమాలో ఆ గడ్డానికి వెంట్రుకలు లేవు. ఉలితో తీసినట్టు ఒకే ముద్ద, పదునైన అంచులు, పైన కుంచె గీతలు. అనాకిన్ జుట్టూ అంతే, ఎంత పోరాటం జరిగినా చెదరదు. కాస్త దగ్గరగా చూస్తే బుగ్గల మీద, నుదుటి మీద రంగు పూసిన ఆనవాళ్లు కనిపిస్తాయి. ఈ సినిమాని తిట్టినవాళ్లలో చాలామంది ముందుగా ఈ మొహాలనే తిట్టారు.

నేను హైదరాబాద్‌లో త్రీడీ లైటింగ్ పని చేసి, ఇప్పుడు అదే పని పిల్లలకు నేర్పుతున్నాను. మా పనివాళ్ల కంటికి ఆ గడ్డం ఇంకోలా కనిపిస్తుంది. వెంట్రుకలు విడివిడిగా కదలాలంటే ప్రతి షాట్‌కీ సిమ్యులేషన్ నడపాలి, రెండర్ సమయం రెట్లకు రెట్లు పెరుగుతుంది. అదే వేసవిలో పిక్సార్ విడుదల చేసిన ‘వాల్-ఈ’కి 18 కోట్ల డాలర్లు ఖర్చయింది. క్లోన్ వార్స్‌కి అయింది 85 లక్షలు. అందులో ఇరవయ్యో వంతు కూడా కాదు. ఆ డబ్బుకి మంచి వెంట్రుకలు రావు. రానివాటిని నాసిరకంగా పెట్టి సరిపెట్టుకోవడం ఒక పద్ధతి. అసలు వద్దనుకుని, చెక్కుడు మొహానికే ఒక అందం తేవడం ఇంకో పద్ధతి. వాళ్లు రెండోదానికి కట్టుబడ్డారు. 1960లలో గెరీ ఆండర్సన్ బ్రిటిష్ టీవీకి తీసిన ‘థండర్‌బర్డ్స్’లో తాళ్లతో ఆడించిన బొమ్మలు వాళ్లకు దారి చూపించాయి.

స్టార్ వార్స్‌కి యానిమేషన్ అప్పటికి కొత్తేమీ కాదు. 1978 నవంబరులో సీబీఎస్ చానల్ ఒక్కసారే ప్రసారం చేసిన హాలిడే స్పెషల్‌లో పది నిమిషాల బొమ్మల భాగం ఉంది. టొరంటోలోని నెల్వానా స్టూడియో చేత్తో గీసింది. ఫ్రెంచి చిత్రకారుడు మోబియస్ గీతల పద్ధతిలో ఉండాలని జార్జ్ లూకాస్ కోరాడట. బోబా ఫెట్ తెరమీద మొదట కనిపించింది అందులోనే. తర్వాత 1985లో అదే నెల్వానా ‘డ్రాయిడ్స్’, ‘ఇవాక్స్’ సీరియళ్లు చేసింది. వాటి గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. 2003లో కార్టూన్ నెట్‌వర్క్‌లో గెండీ టార్టకోవ్‌స్కీ మూడేసి నిమిషాల ముక్కలుగా మొదలుపెట్టిన చేతిగీత ‘క్లోన్ వార్స్’ మాత్రం వేరే సంగతి. అందులో మాటలు తక్కువ, కదలిక ఎక్కువ. పోరాటాన్ని గీతతో ఎలా నడపాలో నేర్చుకోవాలంటే ఇప్పటికీ అదే పాఠం.

లూకాస్ 2003లోనే లూకాస్‌ఫిల్మ్ యానిమేషన్ పెట్టాడు. 2005లో సింగపూర్‌లో దాని శాఖ తెరిచారు. కథ, డిజైన్ కాలిఫోర్నియాలో. యానిమేషన్ పని సింగపూర్ శాఖలోనూ, తైపేలోని సీజీసీజీ స్టూడియోలోనూ. పర్యవేక్షక దర్శకుడిగా డేవ్ ఫిలోనీని తీసుకున్నారు. అప్పుడతను నికెలోడియన్‌లో ‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’ మొదటి సీజన్ ఎపిసోడ్లకు దర్శకత్వం చేస్తున్నాడు. లూకాస్‌ఫిల్మ్ నుంచి ఫోనొస్తే పక్క షోలో పనిచేసే స్నేహితులు ఆటపట్టిస్తున్నారనుకున్నాడు.

వాళ్లు చేస్తున్నది టీవీ సీరియల్. పూర్తయిన భాగాలను పెద్ద తెర మీద వేసుకుని చూశాక, దీన్ని థియేటర్‌లో విడుదల చేద్దామన్నది లూకాస్ నిర్ణయం. దాంతో టీవీ ఎపిసోడ్లుగా తయారైన సరుకు 98 నిమిషాల సినిమాగా మారింది. సీరియల్ కార్టూన్ నెట్‌వర్క్‌కి వెళ్తోంది కనుక సినిమాను వార్నర్ బ్రదర్స్ విడుదల చేసింది. ఫాక్స్ సంస్థ బాకా మోత లేకుండా మొదలైన తొలి స్టార్ వార్స్ సినిమా ఇది. పైకి పాకే పసుపు అక్షరాలూ లేవు. వాటి బదులు టామ్ కేన్ గొంతు, యుద్ధకాలపు వార్తాచిత్రాల ధోరణిలో కథ చెబుతుంది.

2008 ఆగస్టు 15న అమెరికాలో విడుదలైంది. విమర్శకులు చీల్చి చెండాడారు. ప్రపంచమంతా కలిపి వచ్చింది 6 కోట్ల 80 లక్షల డాలర్లు. పెట్టుబడికి అది లాభమే, కానీ స్టార్ వార్స్ పేరుకు ఎవరూ ఊహించని తక్కువ. ఎపిసోడ్ల అతుకులు కనిపిస్తాయన్న మాట నిజం. నేరసామ్రాజ్యపు పెద్ద జబ్బా కొడుకు రొట్టాను ఎత్తుకుపోవడం, వెతికి తేవడం అనే కథ పెద్ద తెరకు చాలదన్న మాటా నిజమే. అయినా ఆ తీర్పుతో నేను ఏకీభవించను. ఎందుకో టెత్ గ్రహం మీది పోరాటం చూస్తే తెలుస్తుంది.

నిట్టనిలువు కొండ, పైన పాత మఠం. ఆరు కాళ్ల యుద్ధయంత్రాలు గోడకు బల్లుల్లా పాకుతూ ఎక్కుతుంటాయి, వాటి పక్కనే సైనికులు. పైనుంచి లేజర్ల వాన. ఇంత జనాన్ని అంత తక్కువ డబ్బుతో ఎలా చూపించారు? క్లోన్ సైనికులందరిదీ ఒకే మొహం, ఒకే కవచం. అవతలి పక్షం డ్రాయిడ్లూ ఒకే అచ్చు. ఒక్క మోడల్ శ్రద్ధగా చేసుకుంటే సైన్యం తయారైనట్టే. తక్కువ డబ్బున్న త్రీడీ స్టూడియోకి ఇంతకన్నా అనువైన యుద్ధం దొరకదు. వాళ్ల గొప్పతనం అక్కడితో ఆగలేదు. కెప్టెన్ రెక్స్‌కి పొట్టిగా కత్తిరించిన బంగారు రంగు జుట్టు పెట్టారు. తర్వాతి ఎపిసోడ్లలో ఒకడికి పచ్చబొట్టు, ఒకడికి మచ్చ. అందరికీ గొంతిచ్చింది ఒకే నటుడు, డీ బ్రాడ్లీ బేకర్. ఎవరు మాట్లాడుతున్నారో కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. అచ్చుపోసిన మనుషులకు పేరు, స్వభావం ఇవ్వడమే ఆ సీరియల్ ప్రాణమైంది. దాని విత్తనం ఈ సినిమాలోనే పడింది.

రెండో విత్తనం అసోకా టానో. అనాకిన్‌కి ఒక శిష్యురాలు ఉండాలన్నది లూకాస్ పట్టుదల. 2005 నాటి మూడో ఎపిసోడ్ సినిమాలో ఆమె ఊసే లేదు కదా, ఎక్కణ్ణుంచి వచ్చిందని అభిమానులు మండిపడ్డారు. గురువుకి ఎదురు చెప్పే పద్నాలుగేళ్ల పిల్ల చిరాకు తెప్పించిందన్నారు. ఆష్లీ ఎక్‌స్టీన్ గొంతుతో ఆ పిల్ల ఏళ్ల తరబడి పెరిగింది. 2013 మార్చిలో, అయిదో సీజన్ చివర, తనను నమ్మని జెడై మండలిని కాదనుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. తిట్టినవాళ్లే ఆ రోజు ఏడ్చారు.

అప్పటికి లూకాస్‌ఫిల్మ్‌ను డిస్నీ 405 కోట్ల డాలర్లకు కొనేసింది. సీరియల్ ఆపేశారు. మిగిలిన కొన్ని ఎపిసోడ్లు 2014లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చాయి. కాపాడమని అభిమానులు మొత్తుకోగా మొత్తుకోగా, 2018 కామిక్-కాన్‌లో చివరి సీజన్ ప్రకటించారు. 2020 మే 4న ముగిసింది. ఆ సీజన్‌లో అసోకాకూ విలన్ మాల్‌కూ జరిగిన కత్తిపోరుకి, 1999 సినిమాలో మాల్‌గా నటించిన రే పార్క్‌నే పిలిపించి కదలికలు రికార్డు చేశారు. మొహాలు అప్పటికీ చెక్కినవే. కానీ దీపం ఎటు పెట్టాలో, నీడ ఎంత పడాలో పన్నెండేళ్లలో వాళ్లకు ఒంటబట్టింది. 2008 సినిమాలో చదునుగా కనిపించిన చెంప, 2020లో ఒక్క పక్క వెలుగుతో బాధ చెప్పగలిగింది.

ఆ సింగపూర్ స్టూడియోని 2023లో మూసేశారు. అసోకా పేరుతో నటీనటుల సీరియల్ మొదలైంది కూడా ఆ ఏడే. దాని రచయిత ఫిలోనీ అదే ఏడు లూకాస్‌ఫిల్మ్ సృజన విభాగానికి అధిపతయ్యాడు.

నా దగ్గర నేర్చుకునే పిల్లలు ఎక్కణ్ణుంచి చూడాలని అడుగుతుంటారు. సినిమాతో మొదలుపెట్టొద్దంటాను. కథాక్రమంలో దానికి ముందు జరిగేవి రెండున్నాయి: రెండో సీజన్‌లో పదహారో ఎపిసోడ్, మొదటి సీజన్‌లో పదహారో ఎపిసోడ్. ఆ రెండూ చూసి, అప్పుడు సినిమా. టెత్ కొండ దగ్గర మాత్రం ఆపి, ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూడమంటాను.