రాతి మీద నవ్వు

1895. లక్నో వదిలి వచ్చిన రతన్‌నాథ్ సర్షార్‌కు హైదరాబాద్‌లో మహారాజా కిషన్ పర్షాద్ కొలువు దొరికింది. షా అలీ బండ దేవిడీలో ఉండే ఆ ప్రభువు 'షాద్' పేరుతో రాసే ఉర్దూ గద్యపద్యాలు దిద్దిపెట్టాలి. తర్వాత 'దబ్దబా-ఎ-ఆసఫీ' పత్రిక సంపాదకత్వమూ చేతికొచ్చింది.

వచ్చినాయన సామాన్యుడు కాదు. 'ఫసానా-ఎ-ఆజాద్' నవల రాసిన మనిషి. వెక్కిరింపు పత్రిక దెబ్బ ఎలా ఉంటుందో ఒంటిమీద తెలిసిన మనిషి.

1843 జూలైలో లండన్ 'పంచ్' పత్రికలో జాన్ లీచ్ ఒక బొమ్మ గీశాడు. చిరుగుపాతల బీదలు చిత్రకళా ప్రదర్శనలో నిలబడి గోడలకేసి చూస్తుంటారు. తిండి అడిగినవాళ్లకు పటాలు చూపించిన ప్రభుత్వం మీద అది చెంపదెబ్బ. ఆ 'పంచ్'ని చూసే 1877లో లక్నోలో సజ్జాద్ హుసేన్ 'అవధ్ పంచ్' పెట్టారు. సర్షార్ మొదట దానికే రాశారు. 1878లో 'అవధ్ అఖ్బార్' పత్రిక సంపాదకుడయ్యాక 'అవధ్ పంచ్'లోని పాత మిత్రులే తిరగబడ్డారు. ఆయన భాషనీ, నవలనీ చీల్చి చెండాడారు.

ఆనాటి ఉర్దూ పత్రిక తయారీ చూస్తేగానీ 'అవధ్ పంచ్' బొమ్మల వేడి తెలియదు. కాతిబ్, అంటే చేతిరాతగాడు, ఒక మోకాలు పైకి మడిచి, దానికి పలక ఆనించి, పసుపు పూత కాగితం మీద జిడ్డు సిరాతో రెల్లు కలం నడిపేవాడు. ఆ కాగితాన్ని నున్నటి లితో రాతి మీద బోర్లించి ఒత్తితే రాత తిరగబడి రాతికి దిగేది. తడి రాతి మీద రోలరు దొర్లిస్తే జిడ్డున్న చోటే సిరా అంటేది. అక్షరమైనా, దొరగారి వంకర మూతైనా రాతికి ఒకటే. సీసపు అచ్చులతో నడిచిన మన తెలుగు పత్రికలకు మాత్రం ప్రతి బొమ్మకూ విడిగా బ్లాకు చేయించాలి. తొలి తెలుగు కార్టూనిస్టుగా చెప్పుకొనే తలిశెట్టి రామారావు కోసం మనం 1930ల దాకా ఆగడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

సర్షార్ 1903 జనవరిలో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. ఆ నవ్వు మాత్రం ఆగలేదు; 1968లో ఇదే ఊళ్లో ముస్తఫా కమాల్ 'షగూఫా' హాస్యపత్రిక మొదలుపెట్టారు. కానీ పాతబస్తీలోని ఛత్తా బజార్ కాతిబ్‌ల చేతిపనిని కంప్యూటర్ మింగేసింది. పెళ్లి కార్డులు మాత్రం ఆ వీధిలో ఇంకా అచ్చవుతున్నాయి. అక్కడే ఒక గదిలో లితో రాయి పెట్టి, పాతబస్తీ పిల్లల చేత దాని మీద బొమ్మ వేయించే ఏర్పాటు ఎవరైనా చేయాలి. ఆ పని తెలిసిన చేతులు బతికుండగానే చేయాలి.