కిటికీకి అంటించిన నీడ

ఎండాకాలం మధ్యాహ్నం మారేడుమిల్లి నుంచి చింతూరుకు ఘాట్ రోడ్డు దిగుతుంటే నీడలోనే సగం దారి గడిచిపోతుంది. కొండ దిగి శబరి నది వైపు వచ్చాక ఎండ నేరుగా నెత్తిన పడుతుంది. అక్కడినుంచి నీడ కావాలంటే మనమే ఏర్పాటు చేసుకోవాలి: తడికో, పరదానో, ఈమధ్య అయితే కిటికీ అద్దానికి సన్ ఫిల్మో. ఫిల్ము అంటించాక గది చల్లబడుతుంది, నిజమే. రెండు నెలలు తిరిగేసరికి కిటికీ పక్కనున్న మనీప్లాంటు తీగ సన్నగా సాగుతుంది, కొత్త ఆకు చిన్నదవుతుంది, ఆకుమీది పసుపు చారలు పచ్చగా మారిపోతాయి. నీళ్లు ఎక్కువయ్యాయేమో, ఎరువు చాల్లేదేమో అని వెతుకుతాం. అద్దం వైపు ఎవరూ చూడరు.

రంగు అద్దానికీ మొక్కకూ మధ్య కథ ఫిల్ము కంటే చాలా పాతది. లండన్ దగ్గర క్యూ ఉద్యానవనంలో 1844, 1848 మధ్య పామ్ హౌస్ అనే పెద్ద గాజు భవనం కట్టారు. అంత గాజు కింద ఉష్ణదేశపు తాటిజాతి మొక్కల ఆకులు మాడిపోతాయేమోనని నిర్మాతలకు భయం పట్టుకుంది. రాబర్ట్ హంట్ అనే శాస్త్రవేత్త పరీక్షలు చేసి, వేడి కిరణాలను ఆపుతుందన్న ఉద్దేశంతో రాగి ఆక్సైడు కలిపిన లేతాకుపచ్చ అద్దం వాడమన్నాడు. వేడిని ఆపి వెలుగును రానివ్వాలన్న నేటి సన్ ఫిల్ము ఆశయం సరిగ్గా ఇదే. నాకు తెలిసినంతలో మనుషుల సుఖానికి కాక మొక్కల మేలు కోరి అద్దానికి రంగు వేసిన పెద్ద ప్రయత్నాల్లో ఇది ముందువరసలోది. కానీ లండన్ బొగ్గుపొగకు ఆకుపచ్చ అద్దం తోడయ్యేసరికి లోపల వెలుతురు చాలలేదు. 19వ శతాబ్ది చివరికి ఆ అద్దాలు తీసేసి మామూలు అద్దాలు బిగించారు.

అట్లాంటిక్ అవతల ఇంకో పిచ్చి మొదలైంది. ఫిలడెల్ఫియాలో ఆగస్టస్ ప్లెజంటన్ అనే ఆయన 1860ల మొదట్లో ద్రాక్షతోటకు గాజు పందిరి వేసి, ప్రతి ఎనిమిదో వరసలో నీలి అద్దం పెట్టించాడు. తీగలు అద్భుతంగా పెరిగాయని ప్రకటించాడు. 1876లో నీలి కాగితం మీద పుస్తకం అచ్చువేశాడు. నీలి వెలుగు మొక్కలకే కాదు, మనుషుల రోగాలకూ మందే అన్నాడు. జనం కిటికీలకు నీలి అద్దాలు కొని బిగించుకున్నారు. నీలి అద్దం వెలుగులో కొత్తగా కలిపేది ఏమీ లేదు, ఉన్నదాంట్లోంచి కొంత తీసేయడమే దాని పని. ఏ రంగు అద్దమైనా అంతే, ఏ ఫిల్మయినా అంతే. ఈ చిన్న సంగతి నేటికీ ప్రకటనల హోరులో మరుగున పడుతోంది.

మొక్కకు ఏ వెలుగు కావాలో 1880ల తొలినాళ్లలో జర్మన్ శాస్త్రవేత్త ఎంగెల్మన్ అందంగా చూపించాడు. పట్టకంతో ఏడు రంగులుగా విడదీసిన వెలుగును నాచు పోగు మీద పరిచి, ప్రాణవాయువు కోసం వెంపర్లాడే బ్యాక్టీరియాను నీటిలో వదిలాడు. అవి ఎరుపు, నీలం పడ్డచోట గుమిగూడాయి. 1972లో మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త రకరకాల పంట మొక్కల ఆకులను కొలిచి, 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య వెలుగంతా, ఆకుపచ్చతో సహా, కిరణజన్య సంయోగక్రియకు పనికొస్తుందని తేల్చాడు. అంతకంటే పొట్టివైన అతినీలలోహిత కిరణాలు, పొడుగువైన పరారుణ కిరణాలు ఆ పనికి అక్కర్లేదు.

ఫిల్ము పుట్టుక మాత్రం మొక్కల ఊసే లేకుండా జరిగింది. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే శాస్త్రవేత్తలు కనిపెట్టిన పాలియెస్టరు, అంటే నేటి నీళ్ల సీసాల పదార్థమే, పల్చటి పొరగా తయారైంది. దాని మీద శూన్యంలో అల్యూమినియం ఆవిరిని పట్టించి కిటికీకి అంటించే ఫిల్ముకు 1966లో త్రీఎం కంపెనీ పేటెంటు పొందింది. 1973 చమురు సంక్షోభం తర్వాత ఏసీ ఖర్చు తగ్గించే సాధనంగా దానికి గిరాకీ పెరిగింది. తర్వాత చవకైన రంగు ఫిల్ములు వచ్చాయి. నాలుగేళ్ల ఎండకు ఊదారంగుకు తిరిగి బుడగలు లేచేవి అవే. ఆ తర్వాత పరారుణాన్ని ఎక్కువగా ఆపి, కంటికి కనిపించే వెలుగును చాలావరకు వదిలే సిరామిక్ రకాలు వచ్చాయి.

మన దేశంలో ఫిల్ము మాట వినగానే కారు గుర్తొస్తుంది. మోటారు వాహనాల నిబంధనలు ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుగు రావాలన్నాయి. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు కారు అద్దాలకు నల్ల ఫిల్ములే వద్దంది. ఇంటి కిటికీకి అలాంటి లెక్క అడిగేవాళ్లు లేరు. ఎంత నల్లగా ఉంటే అంత చల్లన అనుకుని 20 శాతం వెలుగు వచ్చే ఫిల్మును అంటించేస్తారు. కిటికీ పక్కన 2,000 లక్సుల వెలుగుండే చోట 400 మిగులుతుంది. కన్ను సర్దుకుంటుంది కాబట్టి మనకు పెద్ద తేడా తెలియదు. పైగా ఆ శాతం కూడా మనిషి కంటి లెక్కే. కంటికి ఆకుపచ్చ బాగా తెలుస్తుంది కాబట్టి కొలతలో దానికే బరువెక్కువ. ఎరుపు, నీలం ఎంత పోయాయో ఆ అంకె చెప్పదు.

అయినా మనీప్లాంటుకు నీడ పడదని కాదు. పసిఫిక్ దీవుల్లో పెద్ద చెట్ల కింద మొలిచి, వాటినే పట్టుకుని పైకి పాకే తీగ అది. నీడను ఎలా ఇవ్వాలో ఈ కొండల్లో కాఫీ వాళ్లకు బాగా తెలుసు. మారేడుమిల్లి వైపు పాములేరు లోయలో 1898లోనే బ్రోడీ అనే బ్రిటిష్ అధికారి కాఫీ నాటించాడని కాఫీ చరిత్రలు చెబుతాయి. కాఫీకి నీడ కావాలి, కానీ ఏడాది పొడుగునా ఒకే నీడ కాదు. ఎండల్లో చిక్కగా ఉండనిస్తారు. మబ్బు కమ్మే వానాకాలానికి ముందు నీడచెట్ల కొమ్మలు నరికి వెలుగు దింపుతారు. ఫిల్ముకు నరకడానికి కొమ్మల్లేవు. శబరి పొంగే జులై, ఆగస్టుల్లో, రోజుల తరబడి సూర్యుడు కనిపించని ముసురులో కూడా అది మే నెల నీడనే ఇస్తుంది. ఇళ్లలో మొక్కలు దెబ్బతినేది ఎక్కువగా అప్పుడేనని నా నమ్మకం. తడి ఆరదు, వెలుగు లేక మొక్క నీరు తాగదు, వేరు కుళ్లుతుంది.

కడియం నర్సరీల్లో పచ్చటి షేడ్ నెట్ కింద పెరిగిన మొక్కకు కొంత నీడ అలవాటే. దాన్ని తెచ్చి ఒక్కసారిగా నల్ల ఫిల్ము గదిలో పెడితే మాత్రం ఆకులు రాల్చేస్తుంది. స్నేక్ ప్లాంటు ఓర్చుకుంటుంది. క్రోటను రంగులు వెలిసిపోతాయి. తులసిని అసలు పెట్టకూడదు. ఫిల్ము అతినీలలోహితాన్ని 99 శాతం ఆపుతుందంటే మొక్కకు నష్టమని కంగారు పడక్కర్లేదు. పడమటి కిటికీలో ఏప్రిల్ ఎండకు ఆకు అంచులు మాడేచోట లేత ఫిల్ము మేలే చేస్తుంది. కొనేటప్పుడు వేడి ఎంత ఆపుతుందన్నదొక్కటే కాకుండా వెలుగు ఎంత శాతం వస్తుందో అడగండి. 70 చెబితే మొక్కలున్న కిటికీకి తీసుకోవచ్చు. 20, 30 చెబితే, మిగతా కిటికీలకు అంటించి, మొక్కలున్నదాన్ని అద్దంగానే వదిలేసి, ఎండాకాలంలో మాత్రం పల్చటి తెర వేయండి. తొలకరి పడగానే ఆ తెర తీసేయవచ్చు.