ఉప్పెన, దస్త్రం, కరణం: దిగువ కృష్ణా డెల్టాలో భూమి లెక్కల మనుగడ

గ్రామదస్త్రాలను ఆధారంగా గ్రహించే పరిశోధనలో వాటి మనుగడ ప్రశ్న తరచు వెనకబడుతుంది. తీరప్రాంతంలో అది ప్రాథమికమైన ప్రశ్న. 1864 నవంబరు 1న ఉప్పెన మచిలీపట్నంలో దాదాపు 30,000 మందిని బలిగొన్నది. 1977 నవంబరు 19న దివిసీమలో మృతులు అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000.

ఊరి లెక్కలైన అడంగలు, చిట్టా కరణం వద్ద ఉండేవి. వాటిని ఏటా జమాబందీలో పై కచేరీవారు సరిచూసేవారు. ఒక అంచెలో తప్పు దొర్లితే మరొక అంచెలో దొరికేందుకు ఇది మంచి ఏర్పాటే. అయితే దివి తాలూకాకు కేంద్రం అవనిగడ్డ, జిల్లాకు మచిలీపట్నం. రెండూ ఉప్పెన చేరగల చోట్లే. లోతట్టున ఉన్న గుడివాడ తన తాలూకా లెక్కలకే కేంద్రం. ప్రతిని వేరొక ప్రాంతంలో ఉంచాలనే నేటి డేటాబేసు నిర్వాహకుల నియమంతో చూస్తే ఈ ఏర్పాటులోని లోపం తెలుస్తుంది.

ప్రతి ఉన్నంత మాత్రాన సరిపోదు. శిథిలమవుతున్న మెకంజీ కైఫీయతులకు సి.పి. బ్రౌన్ ప్రతులు రాయించినప్పుడు కాగితం కంటె ముఖ్యంగా కావలసివచ్చింది చదివి సరిచేయగల పండితులే. భూమి లెక్కల విషయంలో ఆ స్థానం కరణానిది. ఏ గట్టు ఎప్పుడు జరిగిందో, ఏ పంపకం లెక్కకెక్కలేదో అతడికి తెలుసు. దాచగలిగిందీ అతడే. అందుచేత 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా ఆ పదవులను రద్దుచేయడాన్ని తప్పుపట్టలేము. మరుసటి ఏడు సుప్రీంకోర్టు కూడా ఆ రద్దును సమర్థించింది. కాని పుస్తకాలు చేతులు మారినంత సులువుగా కరణాల ఎరుక చేతులు మారదు. ఉప్పెన ముంచిన ఊళ్లలో, అది జరిగి ఏడేళ్లయినా నిండకముందే, హద్దుల తగవు తీర్చడానికి పిలవవలసిన మనిషికి అధికారం లేకుండాపోయింది.

1998లో రిజిస్ట్రేషన్ శాఖ కంప్యూటరీకరణ మొదలైంది. చేతిరాత నకళ్ల స్థానంలో దస్తావేజుల స్కానింగు ప్రతులు వచ్చాయి. ప్రతులను దూరాన భద్రపరచడం దీనితో సులభమైంది. అంతకు ముందరి గొలుసుకట్టు రాతను మాత్రం యంత్రం ఉన్నదున్నట్లు చూపగలదే గాని చదివిపెట్టదు. రెవెన్యూ లెక్కలు ఫసలీ సంవత్సరాల్లో నడిచాయి. ఉప్పెన నాటి అడంగలును 1977 పేరిట వెదికితే దొరకదు, 1387 ఫసలీ పేరిట వెదకాలి.