ట్రాన్సిషన్ ఇయర్ (ఐర్లండ్)

ఐర్లండ్ హైస్కూళ్లలో జూనియర్, సీనియర్ దశల మధ్య ఒక ఏడాది సాగే కార్యక్రమం. ఇందులో చేరేవారి వయసు సుమారు 15–16 ఏళ్లు. విద్యామంత్రి రిచర్డ్ బర్క్ 1974లో దీన్ని మూడు బడుల్లో ప్రయోగంగా ప్రారంభించాడు. 1994లో ఇది దేశమంతటికీ విస్తరించింది.

ఏడాది చివర ప్రభుత్వ పరీక్ష లేకపోవడమే దీని ప్రాణం. మామూలు పాఠాలు కొంత సాగుతూనే, పిల్లలు కొన్ని వారాలు దుకాణంలోనో ఆఫీసులోనో పనికి వెళ్తారు. చిన్న కంపెనీ పెట్టి సరుకు తయారుచేసి అమ్ముతారు, నాటకం వేస్తారు, ప్రథమ చికిత్స నేర్చుకుంటారు. పనికి వెళ్లి చూడడం వల్ల, నర్సు కావాలనుకున్న అమ్మాయికి ఆ పని తనకు సరిపడదని ముందే తెలియడమూ లాభమే.

ఈ ఏడాది గడిపినవారికి హైస్కూలు చివర రాసే లీవింగ్ సర్టిఫికెట్ పరీక్షలో సగటున మెరుగైన ఫలితాలు వచ్చినట్లు అధ్యయనాలు చూపాయి. అయితే వారు ఒక ఏడాది పెద్దవారన్నది మరవరాదు. ప్రణాళిక లేని బడిలో ఇది కాలక్షేపమే. ఈ ఏడాదిలో వెళ్లే యాత్రల ఖర్చు పేద కుటుంబాలకు భారం. మంచి చోట పని దొరకడానికి తల్లిదండ్రుల పరిచయాలూ తోడ్పడతాయి.

చాలా బడుల్లో ఇది ఐచ్ఛికం. చేరినవారు హైస్కూలు చదువును ఆరేళ్లలో, చేరనివారు ఐదేళ్లలో ముగిస్తారు.